ఎడారిలో దొరకిన రెండు దినచర్యలు: ప్రామాణ్యవిచారము

ప్రాచీనగ్రంథములను బరిష్కరించువారికిఁ బాఠభేదములతోడి పరిచయము సహజము. ఒక ప్రతిలోని పాఠము వేఱొక ప్రతిలోని పాఠముతో విభేదించునప్పుడు ఏది గ్రాహ్యమో, ఏది త్యాజ్యమో, ఏది నిర్ణయింపక విడువఁదగినదో తెలిసికొనుట వారి పని. ఈ పద్ధతి కావ్యములకు మాత్రమే యుపకరించునది కాదు. మరణించినవారి వ్రాఁతలనుబట్టి వారి తుదిదినములను నిర్ణయింపవలసివచ్చిన ప్రతిచోటను నిది యావశ్యకమే. అట్టి సందర్భ మొకటి రెండవ ప్రపంచయుద్ధమునకు సంబంధించినది కలదు. దానినిగూర్చి లోకమునఁ బెక్కు కథలు ప్రచారమున నున్నవి. వానిలోఁ బ్రమాణసిద్ధమైన భాగమెంత, ఊహించి చేర్చిన భాగమెంత యని విడఁదీసి చూపుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

1943వ సంవత్సరము ఏప్రిలు 4వ తేది, ఆదివారము, లిబియాలోని సొలూక్ విమానస్థలమునుండి అమెరికావారి 376వ బాంబరు దళమునకుఁ జెందిన విమానములు ఇటలీలోని నేపుల్సు రేవుపై దాడి సేయ బయలుదేఱెను. వానిలో 'లేడీ బి గుడ్' అను పేరుగల బి-24 లిబరేటరు విమాన మొకటి. అందుఁ దొమ్మండ్రు ఉండిరి: పైలటు హాటన్, సహపైలటు టోనర్, మార్గమును గణించు నావిగేటరు హేస్, బాంబులు విడుచు వొరావ్కా, ఇంజనీరు రిప్‌స్లింగర్, రేడియో నడపు లామోట్, తుపాకులు పట్టు షెల్లీ, మూర్, ఆడమ్స్ అనువారు. వీరందఱకును యుద్ధమున నదియే తొలిప్రయాణము. నడిరేయి దాఁటిన పిమ్మటఁ దిరుగుత్రోవలో హాటన్ తన దిశాసూచకయంత్రము పనిచేయుట లేదని రేడియోలోఁ జెప్పి, తామే దిక్కున నున్నదియుఁ దెలుపుఁడని కోరెను. బెనీనాలోని రేడియోస్థానము 330 అంశలని సమాధాన మిచ్చెను. ఆ వెనుక విమానము రాలేదు.

అనుపలబ్ధి యెప్పుడు ప్రమాణము?

వెదకినవారికి జాడ దొరకమిచే, విమానము మధ్యధరాసముద్రమునఁ గూలి మునిఁగినదని నాఁటి యధికారులు తలంచిరి. బంధువులకును నదే తెలియవచ్చినది. ఈ నిర్ణయమునకు మూలము కనఁబడకపోవుట యొక్కటియే. కాని మన శాస్త్రకారు లనుపలబ్ధిని బ్రమాణముగా నంగీకరించునపు డొక నియమము పెట్టిరి: వస్తువుండినచోఁ దప్పక కనఁబడవలసిన తావునఁ గనఁబడనప్పుడే యది లేదని చెప్పవచ్చును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. పగటివెలుఁగున బల్లపైఁ గడవ కనఁబడనిచో అచటఁ గడవ లేదనవచ్చును. చీఁకటిలోఁ గనఁబడనిచో ననరాదు. సముద్రము మునిఁగినదానిని దాఁచునది. అచట జాడ కనఁబడమి విమాన మచట లేదనుటకును జాలదు, ఉన్నదనుటకును జాలదు. తిరిగిరాని విమానము స్థావరమునకుఁ జేరకముందే పడియుండవలయునని యొక భావము ముందే మనసున నాటుకొనియుండుటచే, దాఁటిపోయియుండవచ్చునన్న పక్షము లెక్కకు రాలేదు.

పదునేనేండ్లకు, 1958వ సంవత్సరమున, నూనెగనులు వెదకు విమానములవారు సొలూక్‌నకు దక్షిణముగా సుమారు 440 మైళ్ల దూరమున సహారాయెడారిలో నొక విమానము పడియుండుటఁ జూచిరి. 1959లో భూమార్గమునఁ జేరినవారికి అది 'లేడీ బి గుడ్' అని తెలిసెను. విమానము రెక్కలకు వెనుకఁ దునిఁగియుండెను. తుపాకులు పేలుచుండెను, రేడియో పనిచేసెను, త్రాగునీరును, ఫ్లాస్కులోని పానీయమును జెడక యుండెను. మనుష్యులు గాని, పారాషూటులు గాని యందు లేవు. కాఁబట్టి యందఱును ముందే దూఁకిరనియు, విమానము నడపువారు లేక కొంతదూర మేఁగి తనంతఁ దానే నేలకు వాలెననియు ననుమితి యేర్పడెను. ఆ యేఁటనే అమెరికా సైన్యమువారు కొన్ని నెలలు వెదకి, బాణపుమొనవలె నమర్చిన బూట్లను, రాళ్లు బరువుపెట్టిన పారాషూటు పేలికలను గనుఁగొనిరి. శరీరములు దొరకక మరలిరి. 1960 ఫిబ్రవరిలో నూనెసంస్థవారికే యైదు శరీరములు దొరకెను. అవి హాటన్, టోనర్, హేస్, లామోట్, ఆడమ్స్ అనువారివి. అదే సంవత్సరము మే నెలలో, వానికి మఱి యిరువది మైళ్లకుఁ బైఁగా ముందు, షెల్లీయు రిప్‌స్లింగరును; ఆగస్టులో వొరావ్కాయు దొరకిరి. మూర్ దొరకలేదు.

రెండు ప్రతులు

టోనర్ వద్ద నొకటియు, రిప్‌స్లింగర్ వద్ద నొకటియు దినచర్యలు దొరకినవి. రెండును మిక్కిలి చిన్నవి. దినమునకుఁ గొన్ని పొట్టి వాక్యములకు మించవు; వానిలోఁ బెక్కింటికిఁ గ్రియలు గూడ లేవు. టోనరుది ఏప్రిలు 4వ తేదిని మొదలై 12వ తేది సోమవారమున ముగియును. రిప్‌స్లింగరుది 11వ తేది యాదివారముతో నాఁగును. ప్రచారగ్రంథములలో మొదటిదే తఱచుగా నుదాహరింపఁబడి, రెండవది దాని కనుబంధముగాఁ జూపఁబడుచున్నది. ఇది యనుచితము. ఇవి యొకే సంఘటనకు స్వతంత్రులగు ఇరువురు సాక్షులు వ్రాసిన రెండు ప్రతులు. రెంటిని బ్రక్కప్రక్కన నుంచి చదివినఁ గాని యర్థము తేటపడదు.

మొదట నామములను జూతము. టోనర్ తప్పిపోయిన మిత్రుని జాన్ అని పెట్టిన పేరుతోఁ జెప్పినాఁడు. రిప్‌స్లింగర్ వొరావ్కా యని యింటిపేరుతోఁ జెప్పినాఁడు. షెల్లీని టోనర్ ఇంటిపేరుతోను, రిప్‌స్లింగర్ గై యను పేరుతోను బేర్కొనిరి. రిప్‌స్లింగరును టోనర్ సంగ్రహముగా రిప్ అనినాఁడు. సిబ్బందిపట్టిక చేతలేని పాఠకుఁ డీ పేళ్లను జూచి మనుష్యులసంఖ్యను బెంచివేయు నపాయము కలదు. పట్టికతో సరిపోల్చినపుడు మాత్రము, విడిపోయి ముందునకు సాగిన మువ్వురు షెల్లీ, రిప్‌స్లింగర్, మూర్ అని రెండు ప్రతులును నేకకంఠముగాఁ జెప్పుచున్నవి.

ఏకవాక్యత గల యంశములు ముఖ్యమైనవే. రాత్రి త్రోవ తప్పుట, ఎడారిలో దూఁకుట, వొరావ్కా తప్ప నందఱును గలిసికొనుట, నీరు మిక్కిలి కొంచెముగా నుండుట రెంటను గలవు. ఎనమండ్రకును సగము సీసా నీరే యున్నదనియు, దినమునకు మూఁత నిండ నొక్కటి చొప్పునఁ బంచుకొనిరనియు టోనర్ తెలిపెను. రిప్‌స్లింగర్ మొదట మూఁతెఁడు, మంగళవారమునఁ జెంచాఁడు, గురువారమునఁ గొన్ని చుక్కలు, శుక్రవారమున రెండు చుక్కలు అని తగ్గుచువచ్చిన కొలఁతలను వ్రాసెను. పదునేను నిమిషములు నడచి యైదు నిమిషములు విశ్రమించుచుఁ బోయినట్లు టోనర్ చెప్పుచున్నాఁడు. ఇది దిక్కుతోఁచక పరుగెత్తినవారి నడక కాదు. నియమముతోఁ గూడిన నడక.

ఇఁక భేదములు. దూఁకిన కాలము టోనరునకు రెండు గంటలు. రిప్‌స్లింగరునకు రెండు గంటల పది నిమిషములు. ఒకఁడు స్థూలముగాను, ఒకఁడు సూక్ష్మముగాను జెప్పెననుటతో నిది సమాధానపడును. టోనర్ దాడికిఁ బోయిన విమానములు 28 అనినాఁడు. ప్రచారమున నున్న వృత్తాంతములలో 25 అని యున్నది. ప్రత్యక్షసాక్షి గాన టోనర్ మాటయే గ్రాహ్యమనఁదగదు. విమానమున నున్నవాఁడు దాడికి నిర్ణయింపఁబడిన సంఖ్యను వినియుండును. లేచినవానిని లెక్కించియుండవలయునన్న నియమము లేదు. ప్రత్యక్షసాక్షి చెప్పిన ప్రతిమాటయుఁ బ్రత్యక్షము కాదు. అతఁడు విన్నదియు నతని వ్రాఁతలోఁ గలిసియుండును. అట్లే రిప్‌స్లింగర్ రాత్రి పది గంటలకు బాంబులు విడిచితిమని వ్రాసెనే కాని, యెచట విడిచిరో వ్రాయలేదు. దీనిని జూచి నేపుల్సుపై బాంబులు వేసిరని చెప్పుట మూలమున లేని పదమును జేర్చుటయే. బాంబులను సముద్రమున విడిచిరనుటయే తక్కిన వృత్తాంతములతో సరిపడుచున్నది. ఆ దినచర్య దానిని గాదనుట లేదు.

మువ్వురు విడిపోయిన దినము

మిక్కిలి చిక్కైన భేదము మఱియొకటి. మువ్వురును విడివడి సహాయమునకై పోయిరని టోనర్ శుక్రవారము, 9వ తేదిని వ్రాసెను. రిప్‌స్లింగర్ తాను షెల్లీ మూర్‌లతోఁ దనియాగఁ బోవుదమని సూచించితినను మాటను శనివారము, 10వ తేదిని వ్రాసెను. శుక్రవారపు వ్రాఁతలో నెడఁబాటు మాటయే లేదు. ఎవరు దినము తప్పిరి?

ఇరువురును వారమును తేదిని గలిపి వ్రాసిరి. 1943 ఏప్రిలు 4 ఆదివారమగుట పంచాంగసమ్మతము గనుక, తక్కిన దినములును సరిపోవుచున్నవి. కావున లెక్క తప్పినదనుటకు నాధారము లేదు. టోనర్ శుక్రవారమునాఁడే మిగిలినవారికి నడచు శక్తి లేదని వ్రాసి, శనివారమున నడవలేమనియు, ఆదివారమున నింకను నదే చోట నున్నామనియుఁ జెప్పినాఁడు. ఐదు శరీరములు నొక్కచోటనే దొరకుట యీ మాటకు సాక్ష్యము. రిప్‌స్లింగర్ మాత్రము శనివారము పగలును రాత్రియు నడచితిమని వ్రాసెను. నడవలేక నిలిచినవారును, నడచినవారును నొక్క గుంపు కానేరరు. కాఁబట్టి శనివారమునకు ముందే మువ్వురును విడిపోయియుండవలయును. వారు పగటియెండకు విశ్రమించి సాయంకాలమున నడక మొదలిడుట యలవాటు చేసికొనిరి. శుక్రవారపు మాటలను రిప్‌స్లింగర్ పగలే వ్రాసియుండును. ఎడఁబాటు చల్లవేళ జరిగియుండును. టోనర్ దానిని నాఁడే వ్రాసెను, నడచుచున్న రిప్‌స్లింగర్ మఱునాఁడు వ్రాసెను. రిప్‌స్లింగర్ వ్రాఁతలో నడక ముందును సూచన వెనుకను నుండుట యీ యన్వయమునకు బాధకము కాదు. వ్రాసిన క్రమమే జరిగిన క్రమమనుటకు నియమము లేదు. ఇట్లన్వయించినచో రెండు ప్రతులును నిలుచును. దేనిని దిద్దవలసిన పని లేదు. పాఠమును దిద్దుట కంటె నన్వయించుట మేలన్నది పరిష్కర్త లెఱిఁగినదే.

పర్వదినము తప్పుట

రిప్‌స్లింగర్ తుదివ్రాఁతలో 11వ తేది యాదివారమును బామ్ సండే యనఁగా మట్టలాదివారమని పేర్కొన్నాఁడు. క్రైస్తవులకు నది యీస్టరు పండుగకు ముందటి యాదివారము. ఈస్టరు విషువత్తునకుఁ దరువాతి పూర్ణిమనుబట్టి గణింపఁబడును గనుక, యేఁటేఁట మాఱుచుండును. 1943లో నది ఏప్రిలు 25వ తేదినిఁ బడెను. మట్టలాదివారము 18వ తేది. కావున దినచర్యలోని మాట వారము దినములు ముందైనది. శాసనములలోఁ దిథివారములు కలియనపు డది కూటశాసనమేమో యని శంకించుట పండితుల యలవాటు. ఇచట నా శంక చెల్లదు. గణితము చేసి కల్పించువాఁడు పంచాంగముఁ జూచి సరిగా వ్రాయును. ఈస్టరు ఏప్రిలు 25న వచ్చుట మిక్కిలి యరుదు. గణనమున నదియే తుదిహద్దు. అంతకుముం దట్లు వచ్చినది 1886లో. మరల వచ్చునది 2038లో. తన జీవితమున నెన్నఁడును నంత యాలస్యముగా నా పండుగ రాఁ జూడనివాఁడు, చేతఁ బంచాంగము లేనివాఁడు, ఏప్రిలు రెండవయాదివారమును మట్టలాదివారమని తలంచుట స్వభావము. ఇసుకతిన్నెలనుండి బయటపడఁ జూచుచు, నీటికై వెదకుచు, నాతఁడు పర్వదినమును దలఁచుకొనెను. ఈ దోష మతని వ్రాఁతను దూషించునది కాదు, భూషించునది.

నావిగేటరుపై మోపిన నింద

ఇఁక ముఖ్యవిషయము. ఈ ప్రమాదమునకు నావిగేటరు హేస్ దోషమే కారణమని పెక్కుచోట్లఁ జెప్పఁబడుచున్నది. బెనీనావారు చెప్పిన 330 అంశలనుబట్టి విమానము స్థావరమునకు వాయవ్యమున, సముద్రముపై నున్నట్లు భావింపఁబడెను. నిజమునకు నది స్థావరమును దాఁటి ఆగ్నేయమునఁ బోవుచుండెను. దీనిని నావిగేటరు గ్రహింపలేదు. ఇది యా వాదము.

నాఁటి యేకవలయపు టాంటెనా రేఖను దెలుపును; ఆ రేఖపై విమానము ముందున్నదో వెనుకనున్నదో తెలుపదు. వాయవ్యమునందలి 330 అంశలకును, ఆగ్నేయమునందలి 150 అంశలకును రేఖ యొక్కటియే. సమాధానము నిచ్చినవారు భూమిపై నుండిరి. స్థావరమునఁ గాల్చిన వెలుఁగుబాణములు పైనున్నవారికిఁ గనఁబడలేదు. రెండు దినచర్యలలోను 330 అంశల మాట లేదు, హేస్‌పై నింద లేదు, త్రోవ తప్పితిమనుట మాత్రమే కలదు. అనఁగా ఆ భ్రాంతి స్థావరమువారికిని విమానమువారికిని సాధారణము. మాతృకలోని తప్పును జూచి వ్రాసిన లేఖకుని మూఢుఁడని తిట్టు పరిష్కర్త లెందఱో కలరు. మాతృకయే సందిగ్ధమైనపుడు లేఖకునిపై దోష మారోపించుట న్యాయము కాదు.

ఇచటఁ బూర్వపక్షి యడుగవచ్చును: రేడియో మాట యెట్లున్నను గడచిన కాలమును లెక్కించిన నావిగేటరునకుఁ దీరము దాఁటితిమని తోఁపవలదా? ఇది తీసివేయఁదగిన ప్రశ్న కాదు. కాని కాలమునుబట్టి దూరమును గణించుటకు గాలివేగము తెలియవలయును. రాత్రివేళ నేల కనఁబడనపు డది యూహయే. ఆ యూహకును, స్థావరమునుండి వచ్చిన మాటకును వైరుధ్యము తోఁచినపుడు తొలిప్రయాణముననున్న యువకుఁడు స్థావరమును నమ్ముట యాశ్చర్యము కాదు. హేస్ నిర్దోషి యని నే ననుట లేదు. దోషి యని నిర్ణయించుటకుఁ జాలిన ప్రమాణము లేదనియే చెప్పుచున్నాను. ఈ రెంటికిని భేదము గొప్పది. సమాధానము చెప్పుటకు నతఁడు లేఁడు. కావున వ్రాయువారికి జాగ్రత్త యధికముగా నుండవలయును.

రెండవనింద యొకటి కలదు: నీరును రేడియోయుఁ గల విమానము దక్షిణమున సుమారు 16 మైళ్ల దూరమున నుండఁగా వారు వాయవ్యదిశకు నేల నడచిరి? ఇది యెఱుకగల పాఠకుఁడు తన యెఱుకను గ్రంథకర్త కారోపించుట. విమాన మెచటఁ బడెనో, యెట్లు పడెనో వా రెఱుఁగరు. సముద్రతీరము చేరువనున్నదని నమ్మినవారికి వాయవ్యమే యుక్తమైన దిక్కు. హేతువు తప్పినదే కాని తర్కము తప్పలేదు. వెనుక వచ్చువారికై బూట్లతోఁ బారాషూటు పేలికలతో గుర్తులు పెట్టుచు, నీరు లేక సుమారు 65 మైళ్లు నడచినవారిని తెలివిమాలినవారనుట యన్యాయము.

ప్రక్షిప్తములు, లోపములు

ఆ విమానమునుండి తీసిన భాగములు వేఱు విమానములం దమర్పఁబడఁగా వానికిని నాపదలు గలిగెనను కథలు చాల వ్యాపించినవి. ఆపద లేని విమానములను లెక్కింపక, యాపద గలిగినవానిని మాత్రమే యేఱి చెప్పుటచే నిట్టి కథలు పుట్టును. మూలమునకు వీనితో సంబంధము లేదు, ఇవి ప్రక్షిప్తములు. విమానశేషములను 1994లో లిబియావారు టొబ్రూకునకుఁ దరలించిరి.

మూలమున లోపించినదానిని గాలము పూరించిన తావొకటి కలదు. వొరావ్కా కానరాఁడని రెండు దినచర్యలును జెప్పుచున్నవి. ఎందులకో వ్రాసినవారికిఁ దెలియదు. పదునేడేండ్లకు శరీరము దొరకినపుడు పారాషూటు సరిగా విచ్చుకొనలేదని తెలిసెను. మిత్రు లతనికై వేచి, వెదకి, తుదకు విడిచి నడచిరి. వేచినను నతఁడు రాఁగలవాఁడు కాఁడు. ఆ సంగతి వారు తెలియకయే పోయిరి.

మూర్ విషయమున నట్టి పూరణము లేదు. టోనర్ శుక్రవారమున, రిప్‌స్లింగర్ శనివారమున నతని పేరును వ్రాసిరి. ఆ పిమ్మట నతనినిగూర్చి యక్షరము లేదు, అస్థి లేదు. షెల్లీ, రిప్‌స్లింగరులు దొరకినచోటులనుబట్టి యతఁడును నా త్రోవనే పోయియుండునని యనుమానింపవచ్చును. అంతకు మించి చెప్పువారు కల్పనకు దిగుచున్నారు. తాళపత్రము విఱిగిపోయినచోట మంచి పరిష్కర్త చుక్కలు పెట్టి విడుచును. తన కవిత్వముతోఁ బూరింపఁడు. సముద్రమున మునిఁగిరని 1943లోఁ జేసిన నిర్ణయము పదునేనేండ్లు బంధువుల నమ్మించినది. అదియు నట్టి పూరణమే. తొమ్మండ్రలో నెనమండ్ర వృత్తాంత మిపుడు ప్రమాణసిద్ధము. తొమ్మిదవవానికడ మాత్రము చుక్కలు పెట్టి యుంచుటయే వాని కీయఁదగిన గౌరవము. విజ్ఞులు విచారింతురు గాక.